ఏ.ఎస్.రావు నగర్ పేరు వెనకున్న మనిషి

తోటపల్లి గూడూరులో రొయ్యల మేత అమ్మే కొట్టు దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. కౌంటర్ మీద కంప్యూటరు, పక్కన బిల్లులు కొట్టే చిన్న ప్రింటరు, బల్ల కింద యూపీఎస్, గోడకి వైఫై డబ్బా. గుంటల రైతు బండి ఆపి లోపలికొచ్చి ఎన్ని బస్తాలు కావాలో చెబుతాడు. కొట్లో కుర్రాడు పేరు కొట్టగానే పాత బాకీ, పోయిన వారం తీసుకెళ్లిన మేత, ఏ గుంటకి ఎంత అన్నది తెర మీదికొచ్చేస్తాయి. బిల్లు బయటికొస్తుంది. రైతు ఫోన్ తీసి స్కాన్ చేస్తాడు, డబ్బులు పడ్డాయని స్పీకరు అరుస్తుంది. రెండు నిమిషాల పని.

ఇందులోంచి ఏదో ఒకటి తీసేసి చూడండి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా కొట్టు ఆగిపోతుంది. కంప్యూటర్ బాగానే ఉండి అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే అది ఉత్త టీవీ. రెండూ బాగుండి సిగ్నల్ లేకపోతే డబ్బు చేతులు మారదు. అన్నీ బాగుండి కుర్రాడు మూడో గుంట మేతని ఐదో గుంట ఖాతాలో ఎక్కించాడనుకోండి, అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. కోత రోజున లెక్క తేలదు. కొట్టు యజమానికీ రైతుకీ మాటా మాటా పెరుగుతుంది.

బీకాం కంప్యూటర్స్, బీబీఏ, ఎంబీఏ చదివేవాళ్లకి ఇది మొదటి పాఠం. బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, డేటా, నెట్‌వర్క్, వాటిని నడిపే మనుషులు. ఐదు పాయింట్లు, ఐదు మార్కులు. రాసేసి మర్చిపోతాం. మన తెలుగు నేల మీద పుట్టిన ఒకాయనకి మాత్రం ఇవి పాయింట్లు కావు. ఒక్కోదాని మీద కొన్నేళ్ల చొప్పున జీవితమంతా ఖర్చుపెట్టారు. కొన్ని ఆయనకి దక్కాయి, కొన్ని దక్కలేదు.

ఆయన పేరు మీకు తెలుసు. నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం హైదరాబాద్ వెళ్లే పిల్లల్లో చాలామందికి ఆ పేరు ఒక అడ్రసు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగి, ఏ.ఎస్.రావు నగర్‌లో గది వెతుక్కుంటారు. ఆ రావు ఎవరని అడిగితే ఎవరో రాజకీయ నాయకుడు అయ్యుంటాడంటారు. కాదు. పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు.

మోగల్లు నుంచి కాశీ మీదుగా

1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో ఆయన పుట్టారు. భీమవరం దగ్గర ఊరు. అల్లూరి సీతారామరాజు కుటుంబం వాళ్లదీ ఆ ఊరే. బ్రిటిష్ వాళ్లు అల్లూరిని కాల్చి చంపేనాటికి సాంబశివరావుకి తొమ్మిదేళ్లు. డెల్టా పల్లెటూరు, చుట్టూ వరి. ఎలక్ట్రానిక్స్ అన్న మాటే అప్పటికి ప్రపంచంలో సరిగ్గా స్థిరపడలేదు.

అక్కడి నుంచి కాశీ వెళ్లారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెబుతూ పరిశోధన చేశారు. చదువుకి అంత దూరం ఎందుకు అనిపిస్తుంది గానీ, స్వాతంత్య్రానికి ముందు మన వైపు నుంచి కాశీ రైలెక్కిన తెలుగు విద్యార్థులు ఆయన ఒక్కరే కాదు.

1946లో టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1947లో ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ పూర్తి చేశారు. ఆ రెండేళ్లూ మామూలు కాలం కాదు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని ప్రపంచానికి చూపించారు. ఓ పెద్ద హాలు నిండా పట్టే యంత్రం, వేల కొద్దీ వాక్యూమ్ ట్యూబులు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. అంటే రావు అమెరికా వెళ్లేనాటికి ఎలక్ట్రానిక్స్ అంటే వేడెక్కి మాడిపోయే గాజు బుడ్లు. ఆయన చదువు ముగిసిన ఏడే ఆ బుడ్లకి కాలం చెల్లే రోజు మొదలైంది.

స్టాన్‌ఫర్డ్ చుట్టుపక్కల అప్పటికి సిలికాన్ వ్యాలీ అన్న పేరు లేదు. కానీ ఆ విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు, హ్యూలెట్, ప్యాకార్డ్, 1939లోనే ఒక కారు షెడ్డులో కొలత పరికరాలు తయారుచేసే కంపెనీ పెట్టి ఉన్నారు. ప్రయోగశాలలో తయారైన సర్క్యూట్‌ని ఫ్యాక్టరీలో వందల కొద్దీ తయారుచేసి అమ్మడం వేరే విద్య. ఆ విద్య పెరుగుతున్న చోట రావు చదువుకున్నారు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆయన చేసిన పనులు చూస్తే దాన్ని ఊరికే చూసి రాలేదని అర్థమవుతుంది.

రియాక్టర్‌కి నరాలు

తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. తర్వాత ట్రాంబేలో అణుశక్తి కేంద్రం మొదలైతే అక్కడి ఎలక్ట్రానిక్స్ విభాగం ఆయన చేతికొచ్చింది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర అనే రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. ఆసియాలో అదే మొదటిదని చెప్పుకుంటాం. దాని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపులో పెట్టే కంట్రోల్ వ్యవస్థ మాత్రం ఇక్కడే కట్టారు. ఆ పని రావు బృందానిది.

కామర్స్ చదివేవాళ్లకి రియాక్టర్‌తో పనేంటి అనొచ్చు. ఒక్క నిమిషం ఆగండి. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో మనిషి కళ్లతో చూడలేడు, చెయ్యి పెట్టలేడు. లోపల ఒక డిటెక్టర్ ఉంటుంది. అది పంపే విద్యుత్ సంకేతం చాలా చిన్నది. దాన్ని పెంచే ఆంప్లిఫయర్ కావాలి. అది చెప్పిన అంకెను చూపించే మీటరు, కాగితం మీద గీసిపెట్టే రికార్డరు కావాలి. అంకె హద్దు దాటితే కంట్రోల్ రాడ్లు దిగిపోవాలి. పక్కన కూర్చున్న ఆపరేటరుకి ఎప్పుడు ఏం చేయాలో రాసిపెట్టిన పద్ధతి ఉండాలి. సమాచారం తీసుకోవడం, మోయడం, నిల్వ చేయడం, దాన్నిబట్టి నిర్ణయం తీసుకోవడం. మేత కొట్లో జరిగేదీ ఇదే కదా. కొట్లో తప్పు జరిగితే బాకీ తేడా వస్తుంది. అక్కడ తప్పు జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే రావు పనితీరు ఒకటి గట్టిపడిందని నా అభిప్రాయం. మొత్తం వ్యవస్థ దానిలోని అతి చవకైన భాగం కన్నా గట్టిగా ఉండదు. నాలుగు డబ్బుల కెపాసిటర్ చెడిపోతే లక్షల యంత్రం గుడ్డిదైపోతుంది. అందుకే విడి భాగాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరు పరీక్షిస్తున్నారు, చెడితే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు ఆయన విభాగంలో ముందు వరసలో ఉండేవి. అణు కార్యక్రమానికి కావాల్సిన పరికరాలు కొనడం కన్నా సొంతంగా తయారుచేయడం వైపే ఆ విభాగం నడిచింది. 1960లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1965లో ఇంజినీరింగ్‌లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం.

ఒక ఓటమి నేర్పిన పాఠం

1962లో చైనాతో యుద్ధం దేశానికి చాలా విషయాలు చూపించింది. సైన్యం దగ్గర సరైన కమ్యూనికేషన్ పరికరాలు లేకపోవడం అందులో ఒకటి. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. సభ్యుల్లో విక్రమ్ సారాభాయ్ ఉన్నారు. ఆగిరిపల్లిలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం ఉన్నారు. సాంబశివరావు ఉన్నారు. నలుగురి కమిటీలో ఇద్దరు తెలుగువాళ్లు.

దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఎలా ఉండాలన్నదానికి ఆ కమిటీ నివేదిక పునాది. విడి భాగాల నుంచి కంప్యూటర్ల దాకా అంచనాలు వేసింది. అది బయటికొచ్చే సమయానికి భాభా లేరు. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి పోయారు. కాగితం మీద ఉన్నది చేసి చూపించాల్సిన భారం మిగిలినవాళ్ల మీద పడింది.

1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే ఈసీఐఎల్, ఏర్పడింది. అణుశక్తి శాఖ కింద సంస్థ. ట్రాంబేలో ప్రయోగశాల బల్లల మీద తయారవుతున్నవాటిని ఫ్యాక్టరీ స్థాయికి తీసుకురావడం దాని పని. నడిపించే బాధ్యత రావుది. కొలత పరికరాలు, విడి భాగాలు, కంట్రోల్ వ్యవస్థలు, తర్వాత టీవీలు. మీ ఇంట్లో తాతయ్యని అడగండి, ఈసీ టీవీ గుర్తుందా అని. ఆ రోజుల్లో దాన్ని కొన్నవాళ్లు ఇంకా గర్వంగానే చెబుతారు.

49,152 ఉంగరాలు

కంప్యూటర్ సంగతికొద్దాం. 1969లో ట్రాంబేలో టీడీసీ-12 అనే యంత్రం పని మొదలుపెట్టింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 12 బిట్లది. తర్వాత దాన్ని తయారుచేసి అమ్మింది ఈసీఐఎల్. దానికి ముందే టాటా ఇన్‌స్టిట్యూట్‌లో టిఫ్రాక్ అనే కంప్యూటర్ కట్టారు గానీ, అది ఒక్కటే, పరిశోధన కోసం. నమూనా ఒకటే పెట్టుకుని మళ్లీ మళ్లీ తయారుచేసి ఇతరులకు అమ్మే కంప్యూటర్‌తో ఈసీఐఎల్ దారి తెరిచింది.

దాని మెమరీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇప్పుడు మనం ర్యామ్ అని తేలిగ్గా అనేస్తాం కదా. అప్పట్లో అది కోర్ మెమరీ. ఆవగింజంత అయస్కాంత ఉంగరాలు, వాటి మధ్యలోంచి జడలా అల్లిన సన్నటి రాగి తీగలు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. అయస్కాంతం ఒకవైపు తిరిగితే ఒకటి, ఇంకోవైపు తిరిగితే సున్నా. టీడీసీ-12లో 4,096 పదాలు, పదానికి 12 బిట్లు. లెక్కేస్తే 49,152 ఉంగరాలు. అంత చేసి నిల్వ అయ్యేది ఇవాళ్టి భాషలో 6 కిలోబైట్లు. మీ ఫోన్లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటి అందులో పట్టదు. కానీ ఆ ఉంగరాలకి ఒక గుణముంది. కరెంటు పోయినా పెట్టిన విషయం అలాగే ఉంటుంది. మేత కొట్లో కుర్రాడు సేవ్ నొక్కకముందే కరెంటు పోతే ఏడుస్తాడు చూడండి, ఆ బాధ వాటికి లేదు.

ఇంతకీ 12 బిట్లతో ఎంత అంకె రాయొచ్చు? సున్నా నుంచి 4,095 దాకా. రియాక్టర్ ఉష్ణోగ్రతకి, పీడనానికి అది సరిపోతుంది. అదే యంత్రాన్ని ఆఫీసులో జీతాల లెక్కకి కూర్చోబెట్టామనుకోండి. పైసల్లో రాస్తే 4,095 పైసలు, అంటే 40 రూపాయల 95 పైసలు. ఒక పదంలో గుమాస్తా నెల జీతం పట్టదు! రెండు మూడు పదాలు కలిపి ఒక అంకెగా వాడుకోవాలి, అందుకు అదనంగా ప్రోగ్రామ్ రాయాలి. 16 బిట్లకి వెళితే 655 రూపాయల 35 పైసల దాకా వస్తుంది. 1970ల మధ్యలో ఈసీఐఎల్ తెచ్చిన టీడీసీ-316 పదహారు బిట్ల యంత్రం. బిట్లు పెరగడానికి కారణాలు ఇంకా ఉన్నాయి, ఒక్క జీతాల లెక్క కోసమే పెంచారని కాదు. అయినా యంత్రాన్ని ఎవరి అవసరం కోసం మొదలుపెట్టామన్నది దాని ఒంట్లో ఎక్కడో ఉండిపోతుంది. ఈసీఐఎల్ యంత్రాలు కంట్రోల్ రూముల్లోంచి పుట్టాయి. ఆఫీసుల్లోంచి కాదు. తర్వాత వచ్చిన కష్టాల్లో కొంత ఇక్కడే ఉంది.

పెట్టె వచ్చింది, మిగతా నాలుగో?

ఆ కాలంలో దేశంలో వ్యాపార లెక్కలు నడిపింది ఎక్కువగా విదేశీ కంపెనీల యంత్రాలు. ఐబీఎం తన యంత్రాల్ని అద్దెకిచ్చేది. యంత్రంతో పాటు ప్రోగ్రాములు, పంచ్ కార్డులు, చెడితే బాగుచేసే ఇంజినీరు, నేర్పే మనిషి కూడా వచ్చేవారు. ఆఫీసు మేనేజరు కొనుక్కున్నది పెట్టెని కాదు, నెలాఖరుకి జీతాల చిట్టా బయటికొస్తుందన్న భరోసాని. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఇష్టపడక ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. అది వదిలిపెట్టిన యంత్రాల నిర్వహణని ప్రభుత్వం 1975లోనే పెట్టిన సీఎంసీ అనే సంస్థ చేపట్టింది. చూడండి, యంత్రాలు ఇక్కడే ఉన్నాయి. పోయింది వాటిని నిలబెట్టే మనుషులు, పద్ధతి. దాని కోసమే ఒక సంస్థ కావాల్సి వచ్చింది.

మనుషుల సంగతి రెండో వైపు నుంచి కూడా చూడాలి. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు కంప్యూటర్‌ని ఆఫీసులోకి రానివ్వకుండా పోరాడారు. ఉద్యోగాలు పోతాయన్న భయం. ఇప్పుడు నవ్వొచ్చు గానీ, ఇవాళ ఏఐ గురించి మనం మాట్లాడుకుంటున్నదీ దాదాపు అదే. యంత్రం ఎంత బాగున్నా దాని ముందు కూర్చునేవాడు ఒప్పుకోకపోతే వ్యవస్థ లేదు.

1970ల్లో మినీ కంప్యూటర్ల తయారీ దాదాపుగా ఈసీఐఎల్ చేతిలోనే ఉండేది. కావాలనుకున్న విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు, కర్మాగారాలు దాని దగ్గరికే వెళ్లాలి. విమర్శలూ వచ్చాయి. ధర ఎక్కువన్నారు, రావడం ఆలస్యమన్నారు, ప్రింటరు, డిస్కు లాంటి అనుబంధ యంత్రాలకి ఇంకా విదేశాల మీదే ఆధారపడుతున్నారన్నారు. అందులో నిజం లేకపోలేదు. ప్రాసెసర్ మనదే అయినా ముద్రించే ప్రింటరు, రాసిపెట్టే టేపు బయటి నుంచి రావాలంటే మళ్లీ మొదటికే వచ్చాం. 1970ల చివర్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి లైసెన్సులిచ్చింది. హెచ్‌సీఎల్, డీసీఎం, ఓఆర్‌జీ, విప్రో రంగంలోకి దిగాయి. ప్రాసెసర్ చిప్పు బయట కొని, చుట్టూ సాఫ్ట్‌వేర్, సర్వీసు కట్టి ఆఫీసులకి అమ్మడం వాళ్ల దారి. 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులకి తలుపు తెరిచింది. పీసీలు వరద కట్టాయి. అట్టడుగు నుంచి అన్నీ మనమే చేద్దామన్న ఈసీఐఎల్ కంప్యూటర్ వ్యాపారం ఆ వరదలో వెనకబడింది.

రావు ఓడిపోయారా? నేనలా అనుకోను. అలాగని గెలిచారని గట్టిగా చెప్పడమూ కష్టమే. పెట్టెల మార్కెట్టు పోయింది. కానీ ఒక సర్క్యూట్‌ని మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకున్న ఇంజినీర్లు, టెక్నీషియన్లు హైదరాబాద్‌లో తయారయ్యారు. తర్వాత అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వచ్చినప్పుడు అది ఉత్త బీడు మీద మొలకెత్తలేదు. 1972లో ఆయనకి పద్మభూషణ్ ఇచ్చారు. అప్పటికి టీడీసీ-316 ఇంకా రాలేదు.

నెట్‌వర్క్ అనే నాలుగో భాగం కథ వేరేవాళ్లది. 1980ల మధ్యలో ఢిల్లీ రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది సీఎంసీ. ఏ కిటికీ దగ్గర నిలబడినా ఏ రైలుకైనా టికెట్టు దొరకడం అన్నది అప్పట్లో వింత. యంత్రం కన్నా యంత్రాల మధ్య తీగ ఎంత విలువైందో సామాన్యుడికి తెలిసింది అప్పుడే. నెల్లూరు స్టేషన్లో రిజర్వేషన్ ఫారం నింపి క్యూ కట్టిన తరం వాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు.

మీరు ఏ భాగంలో?

తోటపల్లి గూడూరు మండలంలో డిగ్రీ చదివే కుర్రాళ్లని కదిపితే ఒకటే మాట: ఐటీ అంటే కోడింగు, కోడింగు అంటే హైదరాబాదో బెంగళూరో. ఐదు భాగాల్లో ఒక్క సాఫ్ట్‌వేర్ వైపే అందరూ చూస్తున్నారు. మిగతా నాలుగూ ఊళ్లోనే ఉన్నాయి. ఒక్కసారి రొయ్య వైపు నుంచి చూడండి. ఇక్కడి గుంటలో పట్టిన వనామీ కౌంటు లెక్కన అమ్ముడై, ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళ్లి, గడ్డకట్టి, కంటైనరెక్కి సముద్రం దాటుతుంది. అక్కడ యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే సరుకు వెనక్కొస్తుంది. అది ఏ గుంటది, ఆ గుంటకి పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మేత, ఏ మందు వాడారో చెప్పగలగాలి. ఆ సమాధానం ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇవ్వదు. గుంట గట్టు మీద రోజూ రాసుకున్న అంకెలే ఇవ్వాలి. ఆ డేటాని శుభ్రంగా నడిపే మనిషి ఉద్యోగం ఉంది, కానీ దానికి మన కాలేజీల్లో ఇంకా పేరు పెట్టలేదు. పక్క మండలం ముత్తుకూరులోనే కృష్ణపట్నం ఓడరేవు ఉంది. అక్కడ సరుకు ఎక్కడుందో, ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో చెప్పే వ్యవస్థలన్నిటికీ హార్డ్‌వేర్ చూసేవాడు, కేబుళ్లు లాగేవాడు, ఎంట్రీలు సరిచూసేవాడు కావాలి.

ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, కోపా లాంటి ట్రేడులు చేసినవాళ్లని చిన్నచూపు చూడకండి. రావు పెట్టిన సంస్థ ఇప్పటికీ ఐటీఐ అప్రెంటిస్‌లకి, ఇంజినీర్ ట్రెయినీలకి ప్రకటనలిస్తూనే ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోండి.

బీప్ వెనక

రావు బతుకులో చివరి ముక్క ఒకటి మిగిలింది. నిజానికి అది ఆయన చేతి పని కాదు, ఆయన సంస్థది. 1977లో ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రం ఒకటి తయారుచేయగలరా అని ఈసీఐఎల్‌ని అడిగింది. 1979కల్లా నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీలకి చూపించారు. 1982లో కేరళలోని పరూర్ ఎన్నికలో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలు తొలిసారి వాడారు. ఈరోజుకీ దేశంలో ఈవీఎంలు తయారుచేసేవి రెండే సంస్థలు: బెంగళూరు బెల్, హైదరాబాద్ ఈసీఐఎల్.

ఈ యంత్రంలో ఐదు భాగాల్ని వేలు పెట్టి చూపించొచ్చు. తెర చాటున మనం నొక్కేది బ్యాలెట్ యూనిట్. అధికారి బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్, ఓట్లు నిల్వ ఉండేది అందులోనే. రెండిటినీ కలిపేది ఐదు మీటర్ల కేబుల్, అదే దాని నెట్‌వర్క్. ఇంటర్నెట్ లేదు, వైఫై లేదు, బ్యాటరీతో నడుస్తుంది. ప్రోగ్రామ్‌ని చిప్పులో ఒక్కసారే ఎక్కిస్తారు, తిరగరాయడానికి వీల్లేకుండా. ఇక ఐదోది మనుషులు. పోలింగ్ మొదలవకముందే ఏజెంట్ల ముందు మాక్ పోల్ చేసి, లెక్క సరిపోయిందని చూపించి, తుడిచేసి, సీలు వేయాలి. ఎవరెవరు ఓటేశారో 17ఏ రిజిస్టర్‌లో రాసుకోవాలి. చివర్లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి ఏజెంట్లకి ఇవ్వాలి. ఎన్నికల డ్యూటీకి వెళ్లొచ్చిన టీచర్లని అడగండి, ఏ భాగం దగ్గర చెమటలు పడతాయో చెబుతారు. యంత్రం దగ్గర కాదు, ఫారాల దగ్గర.

2003 అక్టోబరు 31న ఏ.ఎస్.రావు కన్నుమూశారు. 89 ఏళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి 2004 ఎన్నికలొచ్చాయి. దేశంలో లోక్‌సభ నియోజకవర్గాలన్నిటిలో ఈవీఎంలతోనే పోలింగ్ జరిగిన తొలి సార్వత్రిక ఎన్నిక అది. మనకి అసెంబ్లీ ఓటు కూడా అప్పుడే. సర్వేపల్లి నియోజకవర్గంలోనూ ఆ వేసవి ఎండలో జనం క్యూ కట్టారు. లోపలికెళ్లి నీలం బటన్ నొక్కారు. యంత్రం బీప్ అంది. వేలి మీది సిరా ఆరకముందే బయటికొచ్చి, నీడ చూసుకుని నిలబడ్డారు.